ఎడమ సింహం

ఆ ఏడు ముత్యాలమ్మ జాతరకు ముందు పదకొండు రోజులు నేను పొయ్యి ముట్టించలేదు. ఊరే నాకు వండిపెట్టింది.

నా భార్య గోపమ్మ పోయి, పెద్దకర్మ దాటిన మరునాటి నుంచి రెండేళ్లపాటు ఒక్కరూ గిన్నె పట్టుకుని నా గడప తొక్కలేదు. ఇప్పుడు పొద్దున హనుమమ్మ ఇంటి నుంచి తపాలచెక్కలు, మధ్యాహ్నం నవీన్‌కుమార్ ఇంటి నుంచి నాటుకోడి కూర, సాయంత్రం సర్పంచ్ నాగేందర్ ఇంటి నుంచి బొబ్బెర గుడాలు. హఠాత్తుగా పుట్టిన ఈ ప్రేమకు కారణం ఒక కాగితం.

మా ఊరు కట్టంగూర్ దాటి లోపలికి పోతే వస్తుంది. ఉగాది తర్వాత రెండో ఆదివారం ముత్యాలమ్మ గుడి చుట్టూ బండ్లు తిప్పుతాం. బండికి చీరలు చుట్టి, వేపమండలు కట్టి, ఇంటి ఆడమనిషిని బోనంతో పైన నిలబెట్టి ఐదు చుట్లు. ఒకప్పుడు ఎడ్లు నడిచేవి. తర్వాత ఉరికాయి. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, వాటి మీద పాటల డబ్బాలు వచ్చాయి. ఎవరి బండి ఎవరి బండిని దాటిందన్నది అమ్మవారి కంటే పెద్ద సంగతైంది.

రెండేళ్ల కింద, మూడో చుట్టులో, గుడి ముందరి కమాన్ కింద నవీన్‌కుమార్ ట్రాక్టర్ నా బండిని దాటబోయింది. నేను ఎడ్లను ఎడమకు గుంజాను. ఇరుసు కొన ఎడమ స్తంభానికి తగిలింది. బండి మీద నిలబడ్డ గోపమ్మ బోనంతో సహా స్తంభానికీ చక్రానికీ నడుమ పడింది. నల్లగొండ దవాఖాన దాకా కూడా ఉండలేదు.

గుంజిన చెయ్యి నాదే. దాన్ని ఎక్కడా పారేసి రాలేకపోయాను.

ఊరికి ఆ ఇబ్బంది లేదు. 'అమ్మ సన్నిధిల పోయింది, పుణ్యస్త్రీగ పోయింది, అదృష్టవంతురాలు' అంది హనుమమ్మ. గుడ్డు చిన్నగా ఉందని దుకాణం ముందు అరగంట కొట్లాడే మనిషి గోపమ్మ. చావును అంత తేలికగా తీసుకుని ఉండదు. 'అమ్మవారే బలి తీసుకుంది' అన్నారు మరికొందరు. వారం తిరగకముందే స్తంభం మీది గీతకు సిమెంటు పూసి గులాబీ రంగు వేశారు.

మరుసటి ఏడు మైల అని బండ్లు తిప్పలేదు. ఆ సంవత్సరం ఊళ్లో ఏం జరిగినా దానికే అంటగట్టారు. మూడు బోరు మోటర్లు కాలిపోయాయి. బండ్లు తిప్పనందుకే. పదేళ్లుగా ట్రాక్టర్ తోలుతున్న నవీన్‌కుమార్ లైసెన్సు పరీక్షలో తప్పాడు. బండ్లు తిప్పనందుకే. హనుమమ్మ కోళ్లు పక్కింట్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. పక్కింట్లో గింజలు ఎక్కువ వేస్తారని ఎవరికీ తట్టలేదు.

ఈసారి తిప్పాల్సిందేనని ఊరంతా కూర్చుని తీర్మానించింది. కొత్తగా వచ్చిన ఎస్సై ఒక్కటే అన్నాడట: చనిపోయినామె భర్త అభ్యంతరం లేదని రాసిస్తేనే పర్మిషన్.

అరవై మూడేళ్లలో ఊరు నన్ను ఏదీ అడిగింది లేదు. ఇప్పుడు ఒక సంతకం అడిగింది. అంత తొందరగా ఎందుకిస్తాను? మొదటి రోజు నవీన్‌కుమార్ ఇంటి కూరలో మెడ ముక్కలు వచ్చాయి. నేను సంతకం పెట్టలేదు. మూడో రోజుకు కాళ్లొచ్చాయి. ఐదో రోజుకు కందనకాయ వచ్చింది.

"తిన్నవా బావా? ఉప్పు సరిపోయిందా?" అని హనుమమ్మ గిన్నె కోసం వచ్చింది.

"ఎక్కువైంది."

"అయ్యో. రేపు తక్కువేస్తలే."

"రేపు గూడ వస్తవా?"

"నువ్వు సంతకం పెట్టేదాంక వస్త." ఆమెకు దాపరికం తెలియదు. "గా అమ్మ కోపమంత నా కోళ్ల మీదనే చూపిస్తాంది బావా. నీ చేతులనే ఉన్నది."

"గోపమ్మ అదృష్టవంతురాలు అన్నవు గద. ఈసారి గా స్తంభం పక్క నువ్వు నిలబడు."

"నాకెందుకు బావా గంత అదృష్టం!" అంది తడుముకోకుండా. ఖాళీ గిన్నె తీసుకుని పోయింది.

సర్పంచ్ నాగేందర్ ఆరో రోజు స్వయంగా వచ్చాడు. వరసకు నాకు అన్న కొడుకు. ముందే రాయించిన కాగితం తెచ్చాడు.

"కాకా, నీకు తక్లీఫ్ లేకుంట అంత రాయించిన. ఊకె కింద సంతకం పెడితే సాలు."

నేను ఊరి బడిలో ఏడు దాకా చదివాను. ఆ ఏడు తరగతుల్లో ఒకటి నేర్చుకున్నాను. చదవకుండా సంతకం పెట్టొద్దని కాదు. 'ఊకె' అన్నవాణ్ని నమ్మొద్దని. అద్దాలు పెట్టుకుని పైకి చదివాను.

'దైవఘటన వలన నా భార్య మరణించినది. ఇందులో ఎవరి తప్పునూ లేదు. బండ్లు తిప్పుటకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు.'

"దైవఘటన అంటే ఏంది నాగేందర్?"

"అంటే... మన చేతుల లేనిది కాకా."

"పగ్గం నా చేతులనే ఉండె."

అతను చెప్పుల వైపు చూశాడు. "అవన్ని ఎందుకు కాకా ఇప్పుడు. గుడాలు పంపిస్త, తిను" అని లేచాడు.

మా తమ్ముడి కూతురు వర్షిత నల్లగొండలో డిగ్రీ చదువుతోంది. ఎనిమిదో రోజు నలుగురు స్నేహితురాళ్లను, ఒక బ్యానర్‌ను వెంటేసుకుని వచ్చింది. 'ప్రాణాలు తీసే ఆచారం ఆపాలి' అని పెద్ద అక్షరాలు. పక్కన గోపమ్మ ఫొటో. గోపమ్మ నవ్వుతోంది. ఆమె పక్కన ఒక మోచెయ్యి ఉంది. అది నాది. మిగతా నన్ను కత్తిరించారు.

"పెదనాయినా, సంతకం పెట్టకు. నీ కాళ్లు మొక్కుత. ఇంకెంతమంది పోవాలె?"

"మీ పెద్దమ్మ ఏడాదంత గా ఒక్క దినం కోసమే చూసేది."

అది నిజం. బండెక్కితే ఆమె వేరే మనిషి. వేపమండతో నా వీపు మీద కొట్టి 'ముసలోని లెక్క తోల్తవేంది, ఉరికియ్యి' అని అరిచేది.

"గందుకే పోయింది గద" అంది వర్షిత. అన్నాక నాలుక కరుచుకుంది. తెచ్చిన పరమాన్నం నా ముందు పెట్టింది. సంతకం వద్దనేవాళ్లు తెచ్చినా పరమాన్నం పరమాన్నమే. తిన్నాను. ఆమెకూ మాటివ్వలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఏది కావాలో నాకే తెలియదు. బండ్లు తిరిగితే గోపమ్మ చావును తొక్కుకుంటూ పోయినట్టు. తిరగకపోతే ఆమెకిష్టమైన ఒకేఒక్క దినాన్ని నేనే పూడ్చిపెట్టినట్టు. ఒక్కటి మాత్రం గట్టిగా తెలుసు. 'ఎవరి తప్పునూ లేదు' అన్న మాట కింద నా పేరు ఉండదు.

పదో రోజు మధ్యాహ్నం సాల్మన్ వచ్చాడు. చేతిలో గిన్నె లేదు.

"ఏం సాల్మన్, ఏం వండుకొచ్చినవ్?"

"నేను సంతకం అడగనీకి రాలే మైసన్నా."

సాల్మన్ తాపీ మేస్త్రీ. ఊళ్లో చర్చి మెట్లు కట్టింది అతనే, ముత్యాలమ్మ గుడి ముందు కమాన్ కట్టిందీ అతనే. గోపమ్మ పోయినప్పటి నుంచి నన్ను చూస్తే సందు మారేవాడు. నేనే తప్పు చేసిన మనిషినని మొహం చాటేస్తున్నాడనుకున్నాను.

అరుగు మీద కూర్చుని గోడ సున్నం గోటితో గీకాడు. నా గోడ నాశనమవుతోందని చెబుదామనుకునేలోగా నోరు తెరిచాడు.

"కమాన్ పదహారడుగులు రావాలె. ముగ్గు పోసింది నేనే. రెండు బండ్లు పక్కపక్కన పోయినా తగలకుంట లెక్కేసిన."

"మరి?"

"సింహాలొచ్చినయి."

"ఏం సింహాలు?"

"గవే అన్నా, కమాన్ ముంగట కూసున్నయి చూడు. నాగేందర్ వాళ్ల నాయిన యాదికి కమాన్ కట్టిస్త అన్నడా? పునాదులు తీసినంక చిట్యాలకు పోయి రెండు సిమెంటు సింహాలు తెచ్చిండు. అటు దిక్కు మురికినీళ్ల మోరీ, ఇటు దిక్కు కరెంటు ట్రాన్స్‌ఫార్మర్. సింహాలను యాడ పెట్టాలె? స్తంభాలు లోపలికి జరిపితే తప్ప జాగా లేదు. ఒక్కో సింహానికి అడుగున్నర. 'బండ్లు తిరిగే తొవ్వ సర్పంచ్ సాబ్' అన్న. 'సింహాలు లేకుంటే కమాన్ బోసిగ ఉంటది' అన్నడు. నేను కట్టిన."



"రెండేండ్లు నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"కట్టినోన్ని నేనే గద అన్నా."

పోనీలే అని నేను అనలేదు. ఆ మాట నాకు రాదు. వర్షిత ఆ పొద్దున మళ్లీ పంపిన పరమాన్నం కొంచెం మిగిలుంటే సగం అతనికి పెట్టాను. అతను ఏడుస్తూ తిన్నాడు. జీడిపప్పులు మాత్రం వదల్లేదు.

ఆ ఎండలోనే ఇద్దరం టేపు పట్టుకుని గుడికి పోయాం. స్తంభానికీ స్తంభానికీ మధ్య పదమూడడుగులు. నా బండి ఇరుసు ఈ కొన నుంచి ఆ కొనకు ఆరడుగులు. నవీన్‌కుమార్ ట్రాలీ ఆరున్నర. మూడుచోట్ల పంచుకోవడానికి మిగిలింది అర్ధ అడుగు. అందులోనే నా ఎడ్లు, నా చెయ్యి, గోపమ్మ.

నా చెయ్యి కొంచెం తేలికైంది. కొంచెమే.

ఎడమ సింహాన్ని అప్పుడే సరిగ్గా చూశాను. పచ్చటి జూలు, ఎర్రటి మూతి, తెల్లటి పళ్లు. పెళ్లికొచ్చినవాళ్లను పిలుస్తున్నట్టు నవ్వుతోంది.

మరునాడు గ్రామపంచాయితీ ముందు ఊరు కూడింది. నేను లేచి, "సంతకం పెడత" అన్నాను. చప్పట్లు కొట్టారు. "రేపటి సంది కూర బంద్!" అంది హనుమమ్మ పైకే.

"కని కమాన్ తియ్యాలె" అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. సింహాల సంగతి, అడుగున్నర సంగతి, టేపు సంగతి చెప్పాను. సాల్మన్ లేచి నిలబడి అవునన్నాడు. కూర్చున్నాడు.

నాగేందర్ మొహం ఎర్రబడింది. "కాకా, ఆచారం ఆచారమే. కని కమాన్ కమానే. దాని మీద మా నాయిన పేరున్నది."

"ఒక్క ఏడు ఆగితే ఏమైతదిలే" అన్నాడు నవీన్‌కుమార్. మూడు వందల ఏళ్ల ఆచారం ఆగితే ఊరు బూడిదైపోతుందని వారం కింద నా ఇంట్లో కూర్చుని చెప్పినవాడు ఇతనే. ఇంకో నలుగురు తలలూపారు. అమ్మవారికి ఓపిక ఎక్కువన్నారు. బోరు మోటర్లు కాలింది ఓల్టేజీ వల్లనేమోనన్నారు.

వర్షితకు నవ్వాగలేదు. "ఏందన్నా, మూడు వందల ఏండ్ల ఆచారం కన్న మూడేండ్ల కమాన్ పెద్దదా?"

"నువ్వూకో. నువ్వే గద ఆపాలన్నది!" అని నాగేందర్ కసిరాడు.

"నేను మనిషి పోయిందని ఆపమన్న. నువ్వు సింహం పోతదని ఆపమంటున్నవ్."

కుర్చీలో కూర్చున్న నాగులమ్మ వదినె అప్పుడు కదిలింది. నాగేందర్ తల్లి. ఎనభై దగ్గరపడ్డ మనిషి, ఒక చెవి వినపడదు. నలభై ఏళ్లు మొదటి బండి మీద బోనమెత్తింది ఆమే. "ఏమంటుండు మా మర్ది?" అని అడిగింది. హనుమమ్మ వినపడే చెవిలో అరిచింది: "మీ పెద్దాయన పేరున్న కమాన్ పీకెయ్యాల్నంట! అది ఉంటే బండ్లు తిరగయంట!"

నాగులమ్మ కొడుకు వైపు తిరిగింది.

"ఓరి నాగేందర్. మీ నాయిన బతికినన్నాళ్లు నా తొవ్వకు అడ్డం నిలబడ్డడు. తల్లిగారింటికి పోతనంటే అడ్డం. జాతరకు పోతనంటే అడ్డం. సచ్చినంక గూడ గుడి ముంగట అడ్డం నిలబెట్టినవేందిరా?"

"అమ్మా, నాయిన పేరు..."

ఆమె మోచెయ్యి చాచింది. "పేరు గీడ పచ్చబొట్టున్నది. సాలదా? నేను ఇంకొక్కసారి బండెక్కాలె. ఎక్కేదాంక సావను. ఇగ నీ ఇష్టం."

నాగేందర్ కంటే ముందు అతని భార్య తలూపింది.

గురువారం పొద్దున సాల్మనే సుత్తెతో మొదటి దెబ్బ వేశాడు. ఎడమ స్తంభం మీద. గులాబీ రంగు పెచ్చులూడి పడితే కింద నా ఇరుసు గీసిన గీత అట్లాగే ఉంది. అతను సుత్తె దించి నా వైపు చూశాడు. "కొట్టు" అన్నాను. మిగతాది జేసీబీ కూల్చింది.

సాయంత్రం నేను తెల్లకాగితం మీద నా చేత్తో రాసి, సంతకం చేసి నాగేందర్‌కిచ్చాను. అతను కింద సంతకం ఉందో లేదో చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నవీన్‌కుమార్ కూడా వంగి సంతకమే చూశాడు. ఆ రాత్రి నాకు ఏ ఇంటి నుంచీ గిన్నె రాలేదు. పొయ్యి ముట్టించుకుని అన్నం వండుకున్నాను.

ఆదివారం ఇరవై రెండు బండ్లు వరుసకట్టాయి. ఎడ్లబండ్లు ఐదు, మిగతావి ట్రాక్టర్లు. ఎస్సై నాగేందర్ దగ్గర కాగితం తీసుకున్నాడు. చదవడం అతని ఉద్యోగం. చదివి, కనుబొమలు ఎగరేసి, మైకు అడిగాడు. మళ్లీ పైకి చదివాడు.

'నా భార్య గోపమ్మను అమ్మవారు తీసుకోలేదు. అది దైవఘటన కాదు. రెండు సింహాల కోసం బండ్ల దారిని మూడడుగులు తగ్గించారు. నవీన్‌కుమార్ తొందరపడ్డాడు. నేనూ తొందరపడ్డాను. దారి సరిచేశారు కాబట్టి బండ్లు తిప్పడానికి నాకు అభ్యంతరం లేదు. మొదటి బండి ఎడ్లను పట్టుకుని నేను ముందు నడుస్తాను. మొదటి బండిని ఎవరూ దాటకూడదు. దాటితే నాకు అభ్యంతరం ఉంది.'

పాటల డబ్బాలు కూడా ఆగిపోయాయి.

"గిదేంది కాకా!" అన్నాడు నాగేందర్.

"సంతకం చూసినవ్ గద."

"మొదటి బండిని దాటొద్దన్నది పాత కట్టుబాటేరా" అంది నాగులమ్మ బండి మీది నుంచి. "మీ ట్రాక్టర్లొచ్చినంక మీరు మర్సిన్రు."

ఎస్సై కాగితం మడిచాడు. "ఆయనకు అభ్యంతరమైతే నాకూ అభ్యంతరమే" అని జీపు బానెట్ మీద కూర్చున్నాడు.

నాగులమ్మ బండి ఎడ్ల ముందు నిలబడి ముకుతాళ్లు పట్టుకున్నాను. నడిచాను. నాకు మోకాళ్ల నొప్పి. ఆ రోజు అది బాగా పనికొచ్చింది. నా వెనక బండి, దాని వెనక ఇరవై ఒక్క బండ్లు. ట్రాక్టర్లు మొదటి గేరులో మూలిగాయి. ఒకచోట చెప్పులో రాయి దూరిందని ఆగాను. ఊరంతా ఆగింది.

"మామా, ఇంజన్ వేడైతాంది!" అని నవీన్‌కుమార్ అరిచాడు.

"బంద్ చేసి నూకు!"

రెండో చుట్టుకు నాగులమ్మ ఓపిక అయిపోయింది. "ఉరికియ్యిరా మర్దీ! పీనుగను తీస్కపోతున్నవా?"

"జర గట్టిగ పట్టుకో వదినె. బోనం పడ్తది."

"పడితే మల్ల వండుకుంట. ఉరికియ్యి!"

నేను ఉరికించలేదు. మూడో చుట్టులో కమాన్ ఉన్న జాగా వచ్చింది. కొత్తగా పోసిన మట్టి ఇంకా మెత్తగా ఉంది. సరిగ్గా అక్కడ నా వీపు మీద వేపమండ దెబ్బ పడింది. బండి మీది నుంచి ఎడ్ల మీదుగా విసిరి కొట్టింది ముసలిది. "ముసలోని లెక్క నడుస్తవేంది!"

నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఆ మండ ఎవరి చేతి నుంచి వచ్చిందో కొంతసేపు చూడాలనిపించలేదు. అదే నడకతో నడిచాను.

ఐదు చుట్లకు రెండున్నర గంటలు పట్టింది. చైత్రం ఎండ. ఎవరూ పడలేదు. ఎవరూ సంతోషంగానూ లేరు. "గింత సప్ప జాతర నా జన్మల సూడలే" అంది హనుమమ్మ. నాగులమ్మ బండి దిగి నాతో మాట్లాడకుండా పోయింది. నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి, "వచ్చేయేడు గూడ వస్త" అంది.

వర్షిత నాకు నీళ్ల సీసా ఇచ్చింది. ఆమె మొహంలోనూ తృప్తి లేదు.

"ఇయ్యాల నువ్వున్నవు పెదనాయినా. నువ్వు లేని ఏడు మల్ల ఉరికిస్తరు."

"నేను లేని ఏడు ముకుతాడు నువ్వు పట్టు."

"నేనా? నేను అసలు ఆపాలన్నదాన్ని!"

"మంచిదే. నాకన్న మెల్లగ నడుస్తవు."

ఇక సింహాలు మిగిలాయి. నాగేందర్ ఇంట్లో పెట్టుకుందామంటే అతని భార్య ఒప్పుకోలేదు. బడిలో పెడదామంటే పిల్లలు భయపడతారని సారు వద్దన్నాడు. కుడిది ఎక్కడుందో నాకు తెలియదు. నాకు దానితో పని లేదు. ఎడమదాన్ని సాల్మన్‌తో మా దొడ్లోకి తెప్పించుకున్నాను. మూలకు, మొహం గోడకు పెట్టి నిలబెట్టించాను.

నాగేందర్ ఒకసారి వచ్చి చూశాడు. "కాకా, జర మొఖమన్న ఇటు తిప్పరాదూ. నాయిన పేరున తెచ్చింది" అన్నాడు.

తిప్పలేదు. లెక్క తప్పితే బడిలో మా సారు నన్నూ అట్లాగే నిలబెట్టేవాడు, ఇంటిగంట కొట్టేదాకా. దీనికి గంట కొట్టేవాళ్లు లేరు.